సిడ్నీ నుంచి డనీడిన్ దాకా: ఇంగ్లిష్ బిట్టర్ కోసం పదహారు రోజులు

ఇంగ్లండులో ఉద్యోగం చేసిన మూడేళ్లలో నాకు అలవాటైన పానీయం బిట్టర్ అనే బీరు. ఆ దేశం విడిచి వచ్చాక, అది బయట ఎక్కడ సరిగ్గా దొరుకుతుందో చూడాలన్న కోరిక ప్రతి ప్రయాణంలోనూ నా వెంటే ఉంటోంది. కిందటి మార్చిలో నేనూ నా మిత్రుడూ సిడ్నీలో మొదలుపెట్టి న్యూజీలండ్‌లోని ఆక్లండ్, నెల్సన్, క్రైస్ట్‌చర్చ్ మీదుగా డనీడిన్ వరకు పదహారు రోజులు తిరగడానికి ముఖ్య కారణం అదే. అదే దారిన వెళ్లదలచిన వారికి ఏ ఊరికి ఎన్ని రోజులు కేటాయించాలో, ఎక్కడ బస చేస్తే మేలో తెలియడానికి ఇది ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాను.

ముందుగా, మేము వెతికింది ఏమిటో చెప్పాలి. బిట్టర్ అన్న పేరులో చేదు ఉన్నా, అది గొంతు పట్టుకునే చేదు కాదు. మారిస్ ఆటర్ వంటి బార్లీని మొలకెత్తించి ఎండబెట్టి చేసిన మాల్ట్ నుంచి వచ్చే బిస్కట్ రుచి, ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్, ఫగుల్ అనే హాప్ (బీరుకు చేదునిచ్చే తీగ పువ్వు) రకాల నుంచి వచ్చే మట్టి వాసన, ఎండుగడ్డి వాసన, చివర్లో నాలుక మీద కాసేపు నిలిచే పొడి చేదు కలిస్తే బిట్టర్ అవుతుంది. ఆల్కహాల్ 3.5 నుంచి 4 శాతం వరకు ఉన్నది సాధారణ బిట్టర్, ఆ పైన సుమారు 4.7 వరకు బెస్ట్ బిట్టర్, అంతకు మించినది స్ట్రాంగ్ బిట్టర్. కబుర్లు చెప్పుకుంటూ రెండు మూడు గ్లాసులు నిదానంగా తాగడానికి తగినట్టుగా ఈ మోతాదులు స్థిరపడ్డాయి.

అయితే రుచిలో సగం తయారీలో ఉంటే, మిగతా సగం పబ్ నేలమాళిగలో ఉంటుంది. అసలైన బిట్టర్ పీపాలోకి చేరిన తరువాత కూడా పులుస్తూనే ఉంటుంది. బయటి నుంచి వాయువు ఎక్కించకుండా, 11 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో దాన్ని నిలవబెట్టి, మడ్డి అడుగుకు దిగాక, కౌంటర్ మీది చేతిపంపుతో పైకి లాగి గ్లాసులో పోస్తారు. ఫర్కిన్ అనే మామూలు పీపాలో 72 పింట్లు, అంటే సుమారు 41 లీటర్లు పడతాయి. ఒకసారి తెరిచాక లోపలికి గాలి వెళ్తుంది కనుక, దాదాపు మూడు రోజుల్లో అది ఖాళీ కావాలి. లేకపోతే పులుపెక్కి చప్పబడుతుంది. అందుకే ఇంగ్లండు బయట బిట్టర్ దొరకడం కష్టమవుతోంది. తయారీ పద్ధతిని ఎవరైనా నేర్చుకోవచ్చు, హాప్స్ ఓడలో తెప్పించుకోవచ్చు. కానీ మూడు రోజుల్లో 72 పింట్లు తాగే మనుషులూ, ఆ పీపాను ఉదయం సాయంత్రం చూసుకునే మనిషీ ఆ ఊళ్లోనే ఉండాలి. దిగుమతి సీసాల వెంట పడకుండా, స్థానికంగా తయారై, పక్కనే నేలమాళిగలో సిద్ధమయ్యే బిట్టర్ ఉన్న ఊళ్లనే మేము ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఈ నిర్ణయం ఎంత సరైనదో సిడ్నీలో మొదటి సాయంత్రమే తెలిసింది. ఆస్ట్రేలియాలో సీసా మీద బిట్టర్ అని ఉన్నంత మాత్రాన అది ఇంగ్లిష్ బిట్టర్ కాదు. అక్కడ ఎంతో ప్రసిద్ధమైన విక్టోరియా బిట్టర్ నిజానికి లాగర్, అంటే చల్లదనంలో పులియబెట్టే వేరే రకం బీరు. ఆ సంగతి ముందే తెలిసిన మేము ఒక బార్‌లో ఇంగ్లండు నుంచి వచ్చిన బిట్టర్ సీసా అడిగాం. పారదర్శకమైన గాజు సీసాలో, దీపాల వెలుగు పడే అలమరలో ఉంచిన ఆ బీరు మూత తీయగానే ముక్కిపోయిన వాసన వేసింది. హాప్స్‌లోని చేదు పదార్థాలు వెలుతురు తగిలితే విరిగి గంధకపు వాసన పుట్టిస్తాయి. ముదురు గోధుమ రంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది. సీసా బిట్టర్ తప్ప గత్యంతరం లేనిచోట, ముదురు రంగు గాజులో, అడుగున ఈస్ట్ మడ్డి ఉన్నదాన్ని, చీకటి మూల నుంచి తీయించి కొనడం మంచిది.

సిడ్నీలో బసకు మాత్రం ద రాక్స్ ప్రాంతంలోని లార్డ్ నెల్సన్ బ్రూవరీ హోటల్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. ఇసుకరాతి గోడల ఈ భవనానికి 1841లో మద్యం లైసెన్సు వచ్చింది. కింద పబ్, అందులోనే బీరు తయారీ, పైన కొద్దిపాటి గదులు. త్రీ షీట్స్ అనే వారి పేల్ ఏల్ (ఏల్ అంటే బిట్టర్ కూడా చేరే బీర్ల కుటుంబం) బిట్టర్ కాదు కానీ దానికి దగ్గరి చుట్టం; ఓల్డ్ అడ్మిరల్ అనే ముదురు ఏల్ బాగా గాఢమైనది, రాత్రి చివరి గ్లాసుకు తగినది. తాగిన చోటే మెట్లెక్కి పడుకోగలగడం పెద్ద సౌకర్యం. పబ్ మీది గది అంటే మూసేవేళ దాకా కింది మాటలు వినిపించడం సహజమే కాబట్టి, త్వరగా నిద్రపోయే అలవాటున్నవారు మరో చోట బస చూసుకుని ఇక్కడికి నడిచి రావచ్చు. సిడ్నీలో స్కూనర్ అంటే 425 మిల్లీలీటర్లు, పింట్ అంటే 570; తొందరపడి పింట్ అడగకుండా స్కూనర్‌తో మొదలుపెట్టడం నయం. బిట్టర్ కోసమే అయితే ఈ నగరానికి రెండు రాత్రులు చాలు.

ఆక్లండ్‌కు మూడు గంటల విమానం. సైమండ్స్ వీధి దాటాక మౌంట్ ఈడెన్ రోడ్డు మొదట్లోనే ఉంది గాల్‌బ్రెయిత్స్ ఏల్‌హౌస్. ఒకప్పటి గ్రాఫ్టన్ గ్రంథాలయ భవనంలో 1995 నుంచి నడుస్తున్న ఈ పబ్బే మా ప్రయాణంలో అన్నిటికన్నా గొప్ప చోటు. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు, పుస్తకాల అలమరలు ఉండదగిన చోట మనుషులు, కౌంటర్ మీద వరుసగా చేతిపంపులు. బాబ్ హడ్సన్స్ బిట్టర్ మొదటి గుక్కలోనే నేను మూడేళ్లు ఉన్న ఊరి సాయంత్రాలు గుర్తుకు వచ్చాయి. రంగు ముదురు తేనెలా, నురగ పలుచగా, చల్లదనం చేతికి తెలిసీ తెలియనట్టుగా ఉంది. మాల్ట్ తీపి ముందు వచ్చి, చేదు నెమ్మదిగా వెనక చేరి, గ్లాసు సగమయ్యేసరికి రెండూ కలిసిపోయాయి. బెల్‌రింగర్స్ దానికన్నా కాస్త నిండైనది, పండు రుచి ఎక్కువ. నా మిత్రుడికి అదే నచ్చింది, నాకు మొదటిదే. ఒక రాత్రి అనుకున్నది మూడు రాత్రులు ఉండిపోయాం. అక్కడికి పదినిమిషాల నడకలో ఒక సాదా అపార్టుమెంటు గది తీసుకున్నాం. రేవు దగ్గర హోటళ్లలో దృశ్యం బాగుంటుంది కానీ, రాత్రి వాహనం కోసం ఎదురు చూడవలసి వస్తుంది.

ఆస్ట్రేలియాలోనూ న్యూజీలండ్‌లోనూ వాహనం నడిపేవారికి రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.05 శాతం, ఇంగ్లండులోని 0.08 కన్నా బాగా తక్కువ. పబ్ నుంచి నడిచి చేరగల బస ఖర్చు కాస్త ఎక్కువైనా అదే సరైన లెక్క.

ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇన్ని ఉన్న దేశంలో బిట్టర్ ఇంత అరుదు ఎందుకైందన్న సందేహం గాల్‌బ్రెయిత్స్‌లో కూర్చున్నప్పుడే కలిగింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తెచ్చిన నియమం ప్రకారం న్యూజీలండ్‌లో 1917 నుంచి 1967 వరకు, సిడ్నీ ఉన్న రాష్ట్రంలో 1916 నుంచి 1955 వరకు బార్లు సాయంత్రం ఆరింటికే మూసేవారు. పని ముగిసిన అయిదు గంటలకు బార్‌కు చేరిన మనిషి ఒక్క గంటలో తాగగలిగినంత తాగి వెళ్లేవాడు. అటువంటి చోట నిదానంగా సిద్ధమయ్యే పీపా కన్నా, గొట్టాల నుంచి వేగంగా పోయగల చల్లని బీరే గిట్టుబాటు. దానికి తోడు, మోర్టన్ కూట్స్ 1950ల్లో రూపొందించిన నిరంతర పులియబెట్టే పద్ధతి న్యూజీలండ్ బీరును ఏడాది పొడవునా ఒకే తీరుగా, తొందరగా తయారుచేయగలిగేలా మార్చింది. ఆ యాభై ఏళ్లలో రెండు తరాల నాలుకలు మారిపోయాయి. ఇంగ్లండులో కూడా పీపా బీరు అంతరించే దశకు చేరినప్పుడు దాన్ని కాపాడే కామ్రా ఉద్యమం 1971లో పుట్టింది. దాన్ని స్థాపించిన నలుగురూ ఆ నిర్ణయం తీసుకున్నది ఇంగ్లండు గడ్డ మీద కాదు, సెలవుల్లో వెళ్లిన ఐర్లండ్ పశ్చిమ తీరంలోని ఒక పబ్బులో. ఈ సంగతి నాకెప్పుడు గుర్తొచ్చినా సంతోషం కలుగుతుంది.

నెల్సన్‌కు వెళ్లినది హాప్స్ కోసం. మార్చి నెల అక్కడ హాప్ కోతల కాలం. మొటుయెకా వైపు రోడ్డు వెంట ఎత్తైన తీగల పందిళ్లు, వాటి కింద ట్రాక్టర్లు, గాలి నిండా పచ్చి వాసన. ఈ ప్రాంతం పేరే పెట్టుకుని 2000లో విడుదలైన నెల్సన్ సావిన్ హాప్‌కు తెల్లద్రాక్ష వాసన ఉంటుంది. అది అద్భుతమైన పువ్వే కానీ బిట్టర్‌లో పడితే మాల్ట్‌ను మింగేస్తుందని నా అభిప్రాయం, ఇక్కడివాళ్లు ఒప్పుకోరు. పాత చర్చి భవనంలో నడిచే ద ఫ్రీ హౌస్‌లో చేతిపంపు బీరు దొరుకుతుంది. ఏ తయారీదారుకూ కట్టుబడని పబ్ కనుక పంపు మీద ఏముంటుందో వారం వారం మారుతుంది. వెళ్లినప్పుడు బిట్టరే ఉంటుందని అనుకోరాదు. మాకు రెండో రోజున దొరికింది. ఊరు చిన్నది, బసలు చాలావరకు నడిచే దూరంలోనే ఉన్నాయి, మేము దిగిన ఇంటి యజమానురాలు పొద్దున్నే టిఫిన్‌తో పాటు ఏ తోటలో కోతలు జరుగుతున్నాయో కూడా చెప్పింది. రెండు రాత్రులు తక్కువే అనిపించాయి.

క్రైస్ట్‌చర్చ్ దాకా రోడ్డు నాలుగు వందల కిలోమీటర్లు పైబడి ఉంటుంది. దారిలో ఎక్కడా తాగకుండా ఒక పగలంతా ప్రయాణించాం. 2004లో నగరం నడిబొడ్డున పాప్లర్ లేన్‌లో మొదలై, ఇంగ్లిష్ పద్ధతి పీపా బీరుకు పేరు తెచ్చుకున్న ట్విస్టెడ్ హాప్ పబ్ 2011 ఫిబ్రవరి భూకంపంతో అక్కడ మూతపడి, తరువాత వూల్‌స్టన్‌లో మళ్లీ తెరుచుకుంది. ఈ నగరంలో మాకు ఒక్క రాత్రే ఉంది.

డనీడిన్‌లో మేము వెళ్లినది ఎమర్సన్స్‌కు. స్థాపకుడు రిచర్డ్ ఎమర్సన్ కుర్రతనంలో ఎడిన్‌బరోలో ఉన్నప్పుడు అక్కడి బీర్ల మీద ఇష్టం పెంచుకుని, 1992లో సొంత ఊళ్లో ఈ కర్మాగారం పెట్టారు. ఇది 2012లో లయన్ అనే పెద్ద బీరు సంస్థ చేతికి వెళ్లింది. వారి బుక్‌బైండర్ 3.7 శాతం బిట్టర్. ఇంత తక్కువ ఆల్కహాల్‌తో ఇంత నిండుదనం తేవడం ఎంత కష్టమో తయారుచేసే ఎవరినడిగినా చెబుతారు. కొద్దిగా చల్లగా వచ్చింది కనుక గ్లాసును అరచేతుల మధ్య పెట్టుకుని పది నిమిషాలు ఆగాం. అప్పుడు అందులోంచి ఆరెంజ్ తొక్కు వాసన, కాల్చిన రొట్టె వాసన పైకి వచ్చాయి. ఆంజాక్ అవెన్యూలోని వారి పెద్ద హాలు రైల్వే స్టేషన్‌కు నడకదూరం.

సేవల విషయానికి వస్తే, ఈ ప్రయాణంలో చెడిపోయిన పింట్ ఒక్కసారే వచ్చింది. పేరు చెప్పను. మంగళవారం మధ్యాహ్నం, దాదాపు ఖాళీ పబ్, పులిసిన యాపిల్ రసం లాంటి పుల్లదనం. మర్యాదగా చెప్పినా, బిట్టర్ ఇలాగే ఉంటుందని సమాధానం వచ్చింది. మిగతా చోట్ల అడగకముందే చిన్న గ్లాసులో రుచి చూపించారు, పీపా ఎప్పుడు తెరిచారో చెప్పారు. న్యూజీలండ్‌లో టిప్ ఇచ్చే ఆచారం లేదు కనుక ఆ శ్రద్ధను డబ్బు కోసం చూపించినదిగా భావించలేం. జనం ఎక్కువగా ఉండే గురువారం, శుక్రవారం సాయంత్రాలకు బిట్టర్ పబ్‌లను ఉంచుకుని, వారం మొదటి రోజులను ప్రయాణానికి వాడుకుంటే మంచిది. శాకాహారులు ఒక సంగతి తప్పక అడగాలి: పీపా బీరును తేరుపరచడానికి చాలాచోట్ల ఐసింగ్‌లాస్ అనే, చేపల గాలితిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. వాడని బీరు కాస్త మసకగా ఉంటుంది, రుచికి లోటు లేదు.

తిరుగు విమానం ఆక్లండ్ నుంచే. చివరి సాయంత్రం మా బసకు దగ్గరలోని ఒక చిన్న పబ్బుకు వెళ్లి, పంపు మీద బెస్ట్ బిట్టర్ పేరు చూసి అడిగాం. కౌంటర్ వెనక ఉన్న పెద్దాయన తల అడ్డంగా ఊపి, ఆ పీపా ఆ ఉదయమే తెరిచామనీ, ఇంకా తేరుకోలేదనీ, రేపు మధ్యాహ్నానికి గానీ పోయననీ చెప్పాడు. ఉదయం ఆరింటికి విమానమని చెప్పాను. ఆయన నిజంగానే బాధపడి, మమ్మల్ని కిందికి తీసుకువెళ్లి, చల్లని నేలమాళిగలో చెక్క బల్ల మీద పడుకోబెట్టిన ఆ పీపాను, దాని మీది చిన్న చెక్క మేకు చుట్టూ మెల్లగా పొంగుతున్న నురగను చూపించాడు. మేము పైకి వచ్చి పోర్టర్ అనే నల్లని బీరు తాగాం.