కారా దత్తత సేవ: కాగితాల పని పక్కా, బిడ్డను ఇంటికి తెచ్చే మూడు రోజులకే దిక్కులేదు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగు ఇళ్లలో దత్తత మాట ఎత్తగానే ఎవరో ఒకరు "ఫలానా నర్సింగ్ హోములో ఒకావిడ ఉంది, అడిగి చూద్దామా" అంటారు. అడగొద్దు. బిడ్డను కొన్నా అమ్మినా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రి వాళ్లే ఆ పని చేస్తే ఏడేళ్ల దాకా. అయినవాళ్ల బిడ్డను పెంచుకోవడం వేరే దారి. అనాథ బిడ్డ, వదిలేసిన బిడ్డ, తల్లి అప్పగించిన బిడ్డ కావాలంటే మాత్రం దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా, దాని కేరింగ్స్ పోర్టల్ ద్వారానే వెళ్లాలి. ఈ సమీక్ష దాని గురించే.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే ఈ సేవలో అన్నిటికంటే శుభ్రంగా ఉన్నది అదే. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి చేసే హోమ్ స్టడీకి 6,000, బిడ్డను తీసుకునేటప్పుడు దత్తత సంస్థకు 50,000. తర్వాత రెండేళ్లపాటు ఆర్నెల్లకోసారి చూసి వెళ్లడానికి మనిషి వచ్చిన ప్రతిసారీ 2,000. మొత్తం 64,000. విరాళమనీ పిల్లలకు బట్టలనీ ఇంకేం అడిగినా ఇవ్వనక్కర్లేదు. ఇచ్చినదానికల్లా రసీదు తీసుకోండి.

నిరీక్షణ మాత్రం నీరసం తెప్పిస్తుంది. 2024-25లో దేశం మొత్తం మీద 4,515 దత్తతలు జరిగాయి. అప్పటికి పన్నెండేళ్లలో అదే ఎక్కువ. వరుసలో నిలబడ్డ దంపతులు దానికి ఎన్నో రెట్లు. రెండేళ్లలోపు ఆరోగ్యమైన బిడ్డ కావాలంటే మూడేళ్లు దాటడం మామూలే. వయసు లెక్క కూడా ఉంది: రెండేళ్లలోపు బిడ్డకు భార్యాభర్తల వయసులు కలిపితే 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకైతే 90. నలభై దాటాక పేరు నమోదు చేసుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. వారం రోజుల పసిగుడ్డు వస్తుందని ఊహించుకోవద్దు. కన్నతల్లి అప్పగించినా మనసు మార్చుకోవడానికి చట్టం ఆమెకు 60 రోజులిస్తుంది. కాబట్టి చేతికొచ్చే బిడ్డకు రెండు మూడు నెలలైనా నిండుతాయి. పసిగుడ్డు సైజు చొక్కాలు డజను కొని పెట్టుకోవద్దు.

మన సరిహద్దు జిల్లాల వాళ్లకు కాగితాల్లో వచ్చే చిక్కు ఒకటుంది. పాన్ కార్డులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర, పెళ్లి సర్టిఫికెట్లో ఒక్క అక్షరం. ఒడియాలో రాసి మళ్లీ ఇంగ్లీషులోకి మార్చిన కాగితంలో స్పెల్లింగు ఇంకోటి. నమోదు చేసిన 30 రోజుల్లోగా కాగితాలన్నీ అప్‌లోడ్ చేయాలి కాబట్టి, పేర్లు సరిచేయించుకున్నాకే నమోదు మొదలుపెట్టాలి. పెళ్లి శ్రీకాకుళంలో, కాపురం గంజాంలో అయినవాళ్లకు పెళ్లి సర్టిఫికెట్ దగ్గరే ఆలస్యమయ్యేది. హోమ్ స్టడీ రిపోర్టు మూడేళ్లే చెల్లుతుంది, వరుస సాగదీస్తే మళ్లీ చేయించుకోవాలి. ఫోన్ నంబర్ మారితే పోర్టల్లో కూడా మార్చండి. బిడ్డ వివరాలు వచ్చాక ఒప్పుకోవడానికి ఉన్న గడువు 48 గంటలే.

ఆ 48 గంటల్లో ఫొటో చూస్తూ కూర్చోకుండా వైద్య పరీక్ష రిపోర్టు పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చూడాల్సినవి బరువు, తల చుట్టుకొలత, అవి నెలనెలా పెరిగిన తీరు. బరువు తక్కువంటే పాలు పట్టాక కోలుకోవచ్చు. తల పెరుగుదల ఆగిందంటే డాక్టరును గట్టిగా అడగాల్సిన విషయం. పద్దెనిమిది నెలల్లోపు బిడ్డకు హెచ్ఐవీ యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వస్తే అవి తల్లి నుంచి వచ్చినవే కావచ్చు, తేల్చేది పీసీఆర్ పరీక్ష. కోరాపుట్, రాయగడ, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలి వైపు సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఎక్కువ. ఆరు నెలల్లోపు బిడ్డకు మామూలు సాల్యుబిలిటీ పరీక్ష నెగెటివ్ అని ఉన్నా నమ్మడానికి లేదు, పుట్టుకతో ఉండే హిమోగ్లోబిన్ దాన్ని కప్పేస్తుంది. హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేశారా అని అడగండి.

ఇక ప్రయాణం. ఈ సేవలో లోటు ఇక్కడే మొదలవుతుంది. బిడ్డను ఒప్పుకున్నాక సంస్థకు వెళ్లి చూసి సరేననడానికి 30 రోజులున్నాయి. ఏ కాగితాలు తేవాలో చెప్తారు, సంతకాలు చేయిస్తారు. బిడ్డను ఎలా మోసుకెళ్లాలో, ఏ పాలు పట్టాలో నిబంధనల్లో ఒక్క ముక్క లేదు. అది తెలిసిన మనిషి ఆ సంస్థలోనే ఉంటుంది. రుసుముల పట్టికలో ఆమె కనబడదు. ఆమే ఆయా. సంతకాల రోజుకంటే రెండు రోజులు ముందే ఆ ఊళ్లో దిగి, పూటకోసారి వెళ్లి ఆమె దగ్గర కూర్చోండి.

అడిగి నోటుబుక్కులో రాసుకోవాల్సినవి: ఏ పాలపొడి, ఎన్ని గంటలకోసారి, సీసానా ఉగ్గుగిన్నా, గిన్నె అయితే ఎంత. డబ్బా మీద సాధారణంగా 30 మి.లీ. నీళ్లకు ఒక చదును స్కూపు అని ఉంటుంది. అక్కడ 40కో 50కో ఒకటి వేస్తున్నారేమో ఆమె కలుపుతుంటే చూస్తేనే తెలుస్తుంది. పలచగా అలవాటైన బిడ్డ అని మీ డాక్టరుకు చెప్పాలి. వెల్లకిలా పడుకుంటుందా, ఉయ్యాలా, చాపా. ఏ పాటకు నిద్రపోతుంది. బిడ్డ పడుకునే గుడ్డ ఒకటి ఉతక్కుండా ఇమ్మని అడగండి, ఆ వాసనే మొదటి వారం బిడ్డకు ఇల్లు. మొదటి పది రోజులు అదే పాలపొడి వాడండి. (1992 చట్టం పాలపొడుల ప్రచారాన్ని నిషేధించింది, అందుకే ఇక్కడ ఏ పేరూ రాయడం లేదు. ఆయా చెప్పినదే మీ బ్రాండు.)

తిరుగు ప్రయాణం పెద్దదైతే లెక్కవేసుకుని సర్దాలి. ముంబై వైపు నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో బరంపురం చేరాలంటే ఒకటిన్నర రోజు. అయిదు కిలోల బిడ్డకు కిలోకు 150 మి.లీ. చొప్పున రోజుకు 750 మి.లీ. పాలు, మూడు గంటలకోసారి పడితే పూటకు 90, 100 మి.లీ. అంటే దారిలో పన్నెండు సార్లు, జారిపోయేవి కలుపుకుని పద్నాలుగుకు సిద్ధంగా ఉండాలి. పాలు కలిపి పట్టుకెళ్లొద్దు, రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే. పొడిని పూటకొకటిగా ఆరిన చిన్న డబ్బాల్లో కొలిచి పెట్టుకోండి. మరిగిన నీళ్లు రెండు మంచి ఫ్లాస్కుల్లో పోసుకోండి. పొడి కలిపే నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదు, కలిపాక గిన్నెను చన్నీళ్లలో పెట్టి చల్లార్చి పట్టాలి. ఒకటిన్నర రోజు ఫ్లాస్కులో నీళ్లు అంత వేడిగా ఉండవు కాబట్టి మధ్యలో సికింద్రాబాదులోనో విజయవాడలోనో దిగి ఒక రాత్రి ఉండటం మేలు. ప్యాంట్రీ వాళ్లిచ్చే వేడినీళ్లు టీకి పనికొస్తాయి, పాలపొడికి కాదు. మరిగాయో లేదో మనకేం తెలుసు?

అయిదేళ్లలోపు బిడ్డకు రైలు టికెట్ అక్కర్లేదు, బెర్తూ రాదు. ఒకటైనా కింది బెర్తు దొరికేలా చూసుకోండి. తెలుగు కాని ఊళ్లో, తెలుగు మాట్లాడుతూ, ఏడుస్తున్న పసిబిడ్డతో కనబడితే రైల్వే పోలీసులు ఆపి అడగొచ్చు. అది వాళ్ల డ్యూటీ, కోపం తెచ్చుకోవద్దు. దత్తత ఉత్తర్వు వచ్చేలోగా బిడ్డను మీ దగ్గర ఉంచుకోవచ్చని సంస్థ ఇచ్చిన ప్రీ అడాప్షన్ ఫోస్టర్ కేర్ కాగితం, టీకా కార్డు సూట్‌కేసు అడుగున కాకుండా చేతిసంచిలో ఉంచండి. విమానంలో బిడ్డ వయసు రుజువు అడుగుతారు, జనన ధ్రువపత్రం అప్పటికి రాదు. ఆ కాగితమే ఆధారం, కాబట్టి విమానసంస్థను ముందే అడగండి.

ఇంటికొచ్చాక మొదటి ఇబ్బంది మనవాళ్లే. వీధి వీధంతా చూడటానికి వస్తుంది. హారతి ఇవ్వండి, దిష్టి తీయండి, అక్కడితో తలుపు వేసేయండి. రెండు వారాలు ఎత్తుకునేవాళ్లు ఇద్దరే ఉండాలి, పాలు పట్టేది వీలైతే ఒక్కరే. బారసాల నెల తర్వాత పెట్టుకోవచ్చు. తేనె నాకించడం ఏడాదిలోపు వద్దే వద్దు. సాంబ్రాణి పొగ, ముక్కులో నూనె, గట్టిగా నలుగు రుద్దడం కూడా మానేయమని నాయనమ్మగారికి ముందే చెప్పి ఉంచాలి, ఆ పని కొడుకే చేయాలి. నీళ్ల విరేచనాలు అయితే ఓఆర్ఎస్ ఒక పాకెట్ లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా. ఆరు గంటలు ఒంటేలు పోయకపోయినా, మాడు గుంటపడినా రాత్రి అని చూడకుండా ఆస్పత్రికి. బరంపురంలో ఎంకేసీజీ ప్రభుత్వ ఆస్పత్రి ఉంది.

అసలు ఏడవని బిడ్డను చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోతారు. ఏడ్చినా ఎవరూ రారని నేర్చుకున్న బిడ్డ కూడా అలాగే ఉంటుంది. అలాంటి బిడ్డకు ఏడుపు కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి పాలు పట్టాలి, మేలుకోగానే ఎత్తుకోవాలి. రెండు మూడు వారాలకు గోల మొదలుపెడితే సంతోషించండి. ఒడిశా సంస్థ నుంచి వచ్చిన ఆరేడు నెలల గుంటదైతే "మో సునా", "మో ధన" (నా బంగారం, నా ధనం) అన్న పిలుపులకు తిరిగి చూస్తుంది. ఆ మాటలు మనకెలాగూ వచ్చు, తెలుగు మెల్లగా కలపొచ్చు.

సెలవు సంగతి: రైల్వేతో సహా కేంద్ర ఉద్యోగాల్లో ఉన్న ఆడవాళ్లకు, బతికున్న పిల్లలు ఇద్దరికంటే తక్కువుంటే, ఏడాదిలోపు బిడ్డకు 180 రోజులు, మగవాళ్లకు 15 రోజులు.

2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు కాక జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు, రెండు నెలల గడువు. గంజాం వాళ్లు ఛత్రపురం కలెక్టరేటుకు వెళ్లి వాకబు చేస్తుంటారు. దరఖాస్తు పడేది అక్కడ కాదు, దత్తత సంస్థ ఉన్న జిల్లాలో. అవసరమైతే ఇంకోసారి ప్రయాణం, బిడ్డతో సహా. ఆ ఖర్చు 64,000లో కలిసి లేదు. ఉత్తర్వు వచ్చాక జనన ధ్రువపత్రంలో అమ్మానాన్నలుగా మీ పేర్లే పడతాయి. అందులో ఇంటిపేరు ముందుందో చివరుందో అక్కడే నిలబడి చదవండి, బిడ్డ ఆధార్ దాన్ని బట్టే వస్తుంది.