కోకనాడ రేవు పాత ఫోటోలతో నాలుగు రోజులు

మా తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన మూడు ఫోటోల వెనుక ఇంగ్లీషులో 'కోకనాడ' అన్న ఒక్క మాట తప్ప మరేమీ రాసి లేదు. ఒకదానిలో కాలువ గట్టున బస్తాలు, నీటిలో వరసగా బార్జీలు ఉన్నాయి. రెండవదానిలో పెంకుటి గోదాములు. మూడవదానిలో రంగూను స్టీమరు దగ్గరకు జనాన్ని చేరవేసే పడవ. వీటితో పాటు విదేశీ గ్రంథాలయాలు అంతర్జాలంలో ఉంచిన మరికొన్ని చిత్రాలను అచ్చు వేయించుకొని, అవి తీసిన చోట్లను గుర్తించాలని నేనూ మా చిన్న మామయ్యా జనవరిలో నాలుగు రోజులు గోదావరి డెల్టాలో తిరిగాము. ఇటువంటి చిత్రాలు కావలసినవారు కాకినాడ అని కాక కోకనాడ అనే పాత ఇంగ్లీషు పేరుతో వెతకాలి. 1874లో ఇక్కడ స్థిరపడిన కెనడా బాప్టిస్టు మిషనరీల కాలపు చిత్రాలు కూడా ఆ పేరు మీదనే దొరుకుతాయి.

బస విషయంలో మొదట పొరపాటు చేశాము. గోదావరి కనిపిస్తుందన్న ఆశతో తొలిరాత్రి యానాంలో దిగాము. ఊరు శుభ్రంగా ఉంది, నది ఒడ్డున సాయంత్రం నడవడానికి ఎంతో హాయిగా ఉంది. కాని రేవు చిత్రాలతో పని ఉన్నవారికి అక్కడి నుంచి రోజూ ముప్ఫై కిలోమీటర్లు రావడం, పోవడం దండగ. పైగా మేము దిగిన లాడ్జిలో వేడినీళ్లు ఉదయం ఏడు దాటితే గాని రాలేదు, పడవ మాట్లాడిపెడతామని ముందే సొమ్ము తీసుకున్న ఏజెంటు మర్నాడు ఫోను ఎత్తలేదు. రెండవ రోజు కాకినాడ మెయిన్ రోడ్డుకు దగ్గరలో గది తీసుకున్నాము. భానుగుడి వైపు గదులు కొత్తవి, సౌకర్యంగా ఉంటాయి. అయినా తెల్లవారకముందే రేవుకు నడిచి వెళ్లగలగడం ముఖ్యమనుకునేవారికి పాత బజారు పక్కనే మేలని నా అభిప్రాయం.

యానాం నుంచి వస్తూ దారిలో కోరంగి దగ్గర ఆగాము. మడ అడవిలో వేసిన చెక్కబాట మీద నడక నిజంగా చూడదగినది. పడవ షికారు పోటు పాటులను బట్టి ఉంటుంది కనుక వేళ ముందుగా కనుక్కొని వెళ్లడం మంచిది. నేను అక్కడికి వెళ్లింది మాత్రం ఒక లోటును కళ్లారా చూడడానికి. కాకినాడకు ముందు ఈ తీరంలో పెద్ద రేవు కోరంగి. 1789 డిసెంబరులో ఇక్కడ వచ్చిన ఉప్పెనను గురించి, తుపానుకు ఇంగ్లీషులో 'సైక్లోన్' అన్న పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టనే రాశాడు. మళ్లీ 1839 నవంబరు ఉప్పెన ఆ రేవును తేరుకోలేనంతగా దెబ్బతీసింది. జనానికి అందుబాటులోకి వచ్చిన తొలి ఫోటోగ్రఫీ పద్ధతిని, ఫ్రాన్సువాడైన డాగెరో కనిపెట్టినదాన్ని, పారిస్‌లో లోకానికి వెల్లడించింది కూడా అదే 1839లో, ఆగస్టు నెలలో. మూడు నెలల తేడాతో కోరంగి రేవు తన మంచి రోజుల ఫోటో ఒక్కటైనా లేకుండా పోయింది. ఆ మాట మామయ్యతో అంటే ఆయన చాలాసేపు మాట్లాడకుండా మడ చెట్ల కింది బురదనే చూస్తూ నిలబడ్డారు. రేవు పోయినా పేరు పోలేదు. బర్మాలో తెలుగు కూలీలను ఆ తర్వాత వందేళ్ల వరకు 'కోరంగీలు' అనే పిలిచారు. మా తాతగారి అన్నగారు కూడా అక్కడ అలా పిలిపించుకున్నవారే.

మూడవ రోజు రాజమహేంద్రవరం వైపు వెళ్లాము. హేవ్‌లాక్ వంతెన పాత చిత్రాన్ని సరిచూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసిన ఆ 56 ఖానాల వంతెన ఇంకా నిలిచే ఉంది, పుష్కర ఘాటు నుంచి చక్కగా కనిపిస్తుంది. ధవళేశ్వరంలో మాత్రం సగం రోజు పట్టింది. అక్కడి కాటన్ మ్యూజియంలో 1847 నుంచి 1852 వరకు సాగిన ఆనకట్ట పనికి సంబంధించిన నమూనాలు, చిత్రాలు చూశాక, మా కాకినాడ ఫోటోలోని బస్తాలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమైంది. ఆనకట్ట నీళ్లతో పండిన ధాన్యం, ఆ నీళ్లు పారే కాలువల మీదనే, లాకులు దాటుకుంటూ పడవల్లో కాకినాడకు చేరేది. ఇప్పుడున్నది 175 గేట్ల కొత్త బ్యారేజి కనుక పాత ఆనకట్ట చిత్రాలతో పోల్చి చూసేటప్పుడు తడబడకూడదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అన్న నాలుగు భాగాలు, వాటి మధ్య లంకలు ఆనవాలుగా పెట్టుకుంటే తేలిక. ఆటోకు రానూపోనూ మాట్లాడుకోవడమే నయం. బ్యారేజి దగ్గర తిరుగు ఆటో కోసం మేము ముప్పావు గంట ఎండలో నిలబడ్డాము.

చివరి రోజంతా కాకినాడ ఉప్పుటేరు దగ్గరే గడిపాము. 1825 వరకు డచ్చివారి చేతిలో ఉన్న జగన్నాథపురం ఏటికి దక్షిణపు ఒడ్డు. గోదాముల చిత్రానికి సరిపోయే గోడలు మూడు చోట్ల కనిపించాయి, ఏదీ తేల్చుకోలేకపోయాము. కాలువ చిత్రం పట్టుకొని ఏటిమొగ వైపు వెళితే, వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దాన్ని తీసుకొని దూరంగా పెట్టి చూశారు.

"ఆయ్, ఇది మన ఏరేనండి. బార్జీ ఎంత మునిగిందో చూడండి, నిండా సరుకు కట్టేశారు. నీరు పాటు మీదుంది, గట్టున బురద చార కనబడట్లేదా? ఇంకాసేపు ఆగితే ఈ బార్జీ కదలదండి."

మేము గోడలను, కప్పులను వెతుకుతుంటే ఆయన నీటిని చదివారు. ఓడలు ఇప్పటికీ బయట సముద్రంలో లంగరు వేస్తే, బియ్యం బస్తాలు ఈ ఏటిలోనే బార్జీలకెక్కి వాటి దగ్గరకు వెళుతున్నాయి. డీప్ వాటర్ పోర్టు వచ్చినా ఆ పని ఆగలేదు.

"ఏ వేళకు రావాలండీ?" అని మామయ్య అడిగారు.

"నాలుగు దాటాక రండి. అప్పటికి నీరు తీస్తుందండి."

నాలుగున్నరకు వెళ్లాము. అవతలి గట్టున జానెడు వెడల్పున నల్లటి తడి చార తేలి ఉంది. ఫోటోలో బార్జీల వెనుక ఏటి గట్టు ఎడమకు తిరిగే వంపు దగ్గర మామయ్యను నిలబెట్టి, తాతగారి ఫోటోను నా చేతిలో పట్టుకొని, రెండూ ఒకే చట్రంలో పడేలా ఒక ఫోటో తీసుకున్నాను.