బరంపురంలో షాపు ఎలివేషన్: ఏసీపీ షీటా, సిమెంటు పనా?

బేరాలు పడిపోయిన రోజుల్లో అద్దెకు మనిషి రావాలంటే ముందుభాగం మెరవాలంటారు. గ్రీకు స్తంభం, ఆర్చి, నీలి అద్దం ఒకే గోడకెక్కించే ఈ తీరు పోస్ట్‌మోడర్నిజం (పాత శైలులను కలిపి అలంకారంగా వాడే కట్టడాల ధోరణి) వాసనే. విచిత్రమేమంటే, ఆ బాట వేసినవాళ్లలో ఒకరైన అమెరికా ఆర్కిటెక్ట్ రాబర్ట్ వెంచురి మెచ్చుకున్నది అలంకరించిన షెడ్డును: కట్టడం సాదా, ఘనమంతా బోర్డుది.

ఏసీపీ అంటే రెండు పలచని అల్యూమినియం పొరల మధ్య కోర్ (నడిమి పొర) ఉన్న షీటు. పని త్వరగా అయిపోతుంది, గోడ వంకరలు కప్పేస్తుంది. రేటు తగ్గించమంటే మాత్రం కోత కంటికి కనబడనిచోట పడుతుంది: 4 మి.మీ. షీటు 3 అవుతుంది, దాని అల్యూమినియం పొర 0.5 నుంచి 0.25కి దిగుతుంది, ఫ్రేముకు ఇనుప గొట్టాలు వస్తాయి. పక్కనున్న గోపాల్‌పూర్ సముద్రపు ఉప్పుగాలికి ఆ ఇనుము తుప్పుపట్టి స్క్రూలు వదులవుతాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది ఆ దగ్గరే, గంటకు 200 కి.మీ. దాటిన గాలితో. అలాంటి గాలికి ముందు లేచేది అంచు షీటు. ఆ సందులోంచి గాలి దూరి పక్కవాటినీ పీకేస్తుంది. పాలిథిన్ కోర్ ఉన్న షీటు మంటను పైకి మోస్తుంది. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో జరిగిందదే.

సిమెంటు పనిలో ప్రాణమంతా చజ్జాలో, అంటే గోడ నుంచి ఎండావానలకు అడ్డంగా బయటికి వచ్చే పలకలో ఉంది. రెండడుగులు బయటికి, వాలు వెలుపలికి, కింద అంచుకు అంగుళం లోపల వేలు పట్టేంత గాడి. గాడి లేకపోతే నీరు చజ్జా అడుగునే పాకి గోడెక్కుతుంది. బయటి ప్లాస్టరింగ్ రెండు పూతల్లో 20 మి.మీ., వారం తడపాలి. బీమూ ఇటుకగోడా కలిసేచోట చికెన్ మెష్ (సన్నని తీగల వల) వేయకపోతే అక్కడే పగులుతుంది. హంగు కావాలంటే పట్టీలు, గీతలు ప్లాస్టరింగ్‌లోనే తీయించొచ్చు. చెడితే ఊళ్లో మేస్త్రీయే బాగుచేస్తాడు. చజ్జా హద్దు దాటకూడదు కనక ఊళ్లోని బడాబజార్ ఇరుకు సందుల్లో గోడ రెండడుగులు వెనక్కి జరగాలి. అసలు నష్టం ఆ స్థలమే.

అల్యూమినియం తప్పేమీ కాదు. మరో పోస్ట్‌మోడర్న్ ఆర్కిటెక్ట్ మైకేల్ గ్రేవ్స్ గీసిన పోర్ట్‌లాండ్ బిల్డింగ్ (అమెరికాలోని ఆఫీసు భవనం) 1982లో సుమారు 2.5 కోట్ల డాలర్లలో, పొదుపుగా లేచింది. నీళ్లు కారి కారి, 2020కి ముగిసిన బాగుచేతకు దాదాపు 19.5 కోట్ల డాలర్లు పట్టింది. చివరికి దానికి తొడిగింది అల్యూమినియం పలకలే, కాకపోతే వెనక నీరు దిగే సందు వదిలి. మన దగ్గర ఎగ్గొట్టేది ఆ సందునే.

నా ఓటు సిమెంటు పనికే. మిగిలిన డబ్బు బోర్డుకు, పై అంతస్తు కోసం వదిలిన కడ్డీలకు. వాటికి సిమెంటు పాలు పూసి, పలచని కాంక్రీటు దిమ్మ కప్పించండి. గిరాకీ తేరుకునేదాకా ఉత్తగా వదిలితే తుప్పు పొలుసులు రాలి, పైన కొత్త కడ్డీ కట్టడానికి పనికిరావు.