వకీలు గుమాస్తా జేబులో చాకు: బ్లేడు ఉన్నదా, లేనిదా?

నేను వకీలు గుమాస్తాని. ఇల్లు దాటిన దగ్గర్నుంచి మళ్లీ ఇల్లు చేరేదాకా నా బ్యాగు స్కానర్లలోంచి దూరుతూనే ఉంటుంది. పొద్దున మెట్రో, తర్వాత కోర్టు గేటు, మధ్యాహ్నం ఏదో ఒక ట్రిబ్యునల్, సాయంత్రం మళ్లీ మెట్రో. ఇలాంటి ఉద్యోగంలో ఉన్నవాడికి జేబు చాకు పనికొస్తుందా లేదా అన్నదే ఈ రివ్యూ. నేను వాడినవి రెండు. ఒకటి విక్టోరినాక్స్ అనే స్విస్ కంపెనీ వాళ్ల క్లాసిక్ ఎస్‌డీ, రెండోది అదే కంపెనీ వాళ్ల బ్లేడు లేని జెట్‌సెట్టర్.

క్లాసిక్ నేను కొన్నది కాదు. అమెరికాలో ఆస్టిన్‌లో ఉండే మా అక్క కొడుకు తెచ్చిచ్చాడు. అక్కడ టెక్సాస్ ప్రభుత్వానికి ఒక సర్‌ప్లస్ స్టోరు ఉంది. సర్కారు ఆఫీసుల్లో వాడి పక్కన పడేసిన సామానుతో పాటు, ఎయిర్‌పోర్టుల్లో ప్రయాణికులు సెక్యూరిటీ దగ్గర వదిలేసి పోయిన చాకులు, కత్తెరలు కూడా అక్కడ అమ్మకానికి పెడతారు. మావాడు అందులోంచి ఏరుకొచ్చి, చెక్-ఇన్ సూట్‌కేసులో వేసుకుని ఇంటికి వచ్చినప్పుడు తలా ఒకటి పంచాడు. "మామయ్యా, నీకు కత్తెర బాగున్నది చూసి పెట్టాను" అన్నాడు. నా వాటాకు వచ్చిన ఎర్ర చాకు మీద ఏదో కంపెనీ గుర్తు సగం చెరిగిపోయి ఉంది. అంటే నా దగ్గరికి రాకముందే ఒకసారి సెక్యూరిటీకి దొరికిపోయిన చాకన్నమాట. దాని జాతకమే అంత.

వస్తువు విషయానికొస్తే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. మడిస్తే పొడవు 58 మిల్లీమీటర్లు, చిటికెన వేలంత. జేబులో ఉన్నట్టే తెలియదు. నాలుగు సెంటీమీటర్లు కూడా లేని బ్లేడు, గోళ్లు అరగదీసుకునే ఆకురాయి, దాని కొసన చిన్న స్క్రూడ్రైవరు, కత్తెర. పిడిలో దూర్చిన పట్టకారు ఒకటి, పుల్ల ఒకటి. పుల్ల పళ్లు కుట్టుకోవడానికి ఇచ్చారు గానీ నేను నోట్లో పెట్టలేదు, ఇంకొకడు వాడి వదిలేసిన చాకు కదా. స్టాంప్ ప్యాడు మూత అంచుల్లో గట్టిపడిన ఇంకు గోకడానికి వాడతాను.

మా పనిలో కోసే సందర్భాలు చాలానే ఉంటాయి. కేసు కట్టలకు దబ్బనంతో కుట్టిన దారం తెంపాలి. జిరాక్స్ షాపు నుంచి వచ్చే కాగితాల బండిల్‌కు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ కోయాలి. పోస్టులో వచ్చిన కవరు చింపేటప్పుడు లోపలి నోటీసు చిరగకూడదు, కవరు మీది తేదీ ముద్ర అసలు చిరగకూడదు. రేపు ఆ తేదీ మీదే వాదన నడవొచ్చు. ఈ ఆఖరి పనికి క్లాసిక్ బ్లేడును మించింది నాకు దొరకలేదు. బ్లేడు పైన గోరు పట్టేంత చిన్న గాడి ఉంటుంది. అక్కడ గోరు ఆనించి లాగితే టక్కున తెరుచుకుంటుంది. కవరు మడత కింద మొన దూర్చి చేతిని కదలనీయకుండా ముందుకు తోస్తే చాలు, జిగురు ఊడి వస్తుంది, ముద్ర చెక్కుచెదరదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. తెరిచిన బ్లేడు స్ప్రింగు బిగువు మీదే నిలబడుతుంది తప్ప దానికి లాకు లేదు. బలంగా పొడిచే పని పెట్టుకుంటే మడుచుకుని వేలి మీదికి వస్తుంది. ప్లాస్టిక్ పట్టీలకు నేను కత్తెరే వాడతాను.

ఆ కత్తెర గురించి ఎంత చెప్పినా తక్కువే. చూడ్డానికి పిల్లల బొమ్మలా ఉంటుంది గానీ, కుట్టు దారాన్ని ముడి మొదలుకంటా తెంపుతుంది.

మరి ఇబ్బంది ఎక్కడంటే గేటు దగ్గర.

స్కానర్ తెర ఎప్పుడైనా పక్కనుంచి చూశారా? కాగితాలు, బట్టలు, తిండి లాంటివి నారింజ రంగులో కనిపిస్తాయి. లోహం నీలంగా కనిపిస్తుంది, మందం పెరిగేకొద్దీ నలుపు తిరుగుతుంది. మడిచిన చాకంటే పొరలు పొరలుగా పేర్చిన ఉక్కు. నా బ్యాగులో అంతా కాగితమే కాబట్టి ఆ నారింజ మధ్యలో ముదురు నీలం ముక్క కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బెల్టు ఆగుతుంది. "అన్నా, ఈ బ్యాగ్ ఎవరిది? లోపల చాకున్నదా?" వెనక వరసలో ఉన్నవాళ్లంతా మన మొహం చూస్తారు. తీసి చూపిస్తే ఒకాయన నవ్వి పంపిస్తాడు, ఇంకొకాయన సూపర్‌వైజర్‌ను పిలుస్తాడు, మరొకరు రిజిస్టర్లో రాయమంటారు. చాకు అదే, మనిషినీ నేనే. డ్యూటీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి నా పొద్దుటి బీపీ ఆధారపడి ఉండటం నాకు నచ్చలేదు. విచిత్రం ఏమిటంటే అదే బ్యాగులో జానెడు దబ్బనం ఉంటుంది. కోర్టు గేటు దగ్గర దాన్ని ఎవ్వరూ అడగరు, గుమాస్తా అంటే దబ్బనం ఉంటుందని వాళ్లకు తెలుసు.

వాదించి గెలవచ్చు కదా అంటారు మా ఆఫీసులో జూనియర్లు. ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు గొడవ 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేడుకు కదా, ఇది ఏ మూలకు అని వాళ్ల పాయింటు. పాయింటు సరైనదే, చోటు సరైనది కాదు. గేటు దగ్గర చూసేది చట్టం కాదు, ఆ ఆవరణ వాళ్లు పెట్టుకున్న జాబితా. అందులో 'పదునైన వస్తువులు' అని ఒక్క మాట ఉంటే సరిపోతుంది. పైగా పదిన్నరకు కేసు పిలుస్తారనగా గేటు దగ్గర సెక్షన్లు చదువుతూ నిలబడితే మా సార్ ఊరుకోరు.

ఎయిర్‌పోర్టులో అయితే వాదనకు అసలు తావే లేదు. చెక్-ఇన్ సామానులో వేస్తే ఏ చాకైనా వెళ్తుంది, చేతి సంచిలో చిన్నదైనా కుదరదు. ఒకప్పుడు అమెరికాలోనే 4 అంగుళాల లోపు బ్లేడుకు విమానంలో అభ్యంతరం ఉండేది కాదు. 2001 సెప్టెంబరు 11 తర్వాత అది పోయింది. విమానాశ్రయాల దుకాణాల్లో జోరుగా అమ్ముడయ్యే ఈ స్విస్ చాకుల వ్యాపారానికి పెద్ద దెబ్బే తగిలింది. 2013లో అక్కడి భద్రతా సంస్థ టీఎస్ఏ, 6 సెంటీమీటర్ల లోపు బ్లేడును, లాకు లేకుంటే, మళ్లీ రానిద్దామని ప్రకటించింది. విమాన సిబ్బంది గట్టిగా ఎదురు తిరిగారు. జూన్‌కల్లా ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే, గాల్లో తలుపులేసుకున్న గదిలో గొడవైతే ముందు నిలబడాల్సింది వాళ్లే. ఆ నిబంధన నిలిచి ఉంటే మాత్రం నా క్లాసిక్ దర్జాగా విమానం ఎక్కేది, ఆస్టిన్ దుకాణానికి సరుకు తగ్గేది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వస్తారు గానీ అందరూ బయటి గేటు దగ్గరే ఆగిపోతారు. చాకు దొరికేది లోపల, సామాను బెల్టు మీద వెళ్లిపోయాక. "ఇది మా వాళ్లకిచ్చి వస్తాను" అందామంటే అప్పటికి శంషాబాద్‌లో దింపిన బండి ఆరాంఘర్ దాటి ఉంటుంది. మా జూనియర్ ఒకతను ఢిల్లీ వెళ్తూ ఒక ఎయిర్‌పోర్టులో ఇలాగే కొత్త చాకు ట్రేలో వదిలేశాడు. కొన్న రసీదు కూడా చూపించాడట, అదేదో సాక్ష్యం అన్నట్టు.

ఇవన్నీ చూసి జెట్‌సెట్టర్ తెప్పించాను. అదే 58 మిల్లీమీటర్లు, అదే కత్తెర, పట్టకారు, పుల్ల. బ్లేడు లేదు, ఆకురాయి లేదు. వాటి బదులు సీసా మూత తీసేది, వైరు తొక్క వొలిచే గాడి, కొసన అయస్కాంతం ఉన్న స్టార్ స్క్రూడ్రైవరు. సోడా సీసాల కాలం కాదు కాబట్టి మూత తీసేదానితో నాకు పనిలేదు. స్క్రూడ్రైవరు మాత్రం ఆఫీసులో బొక్కల మిషన్ బిగించడానికి పనికొచ్చింది.

ఇది ఉంటే గేటు దగ్గర టెన్షన్ పోతుందా? పూర్తిగా పోదు. తెర మీద ఇదీ నీలం ముక్కే. మడిచి ఉన్నప్పుడు క్లాసిక్‌కూ దీనికీ తేడా కనిపెట్టడం వాళ్లకు కష్టం. కాకపోతే ఆపాక సంగతి వేరు. ఒక్కో భాగం తెరిచి చూపిస్తే కత్తెర వస్తుంది, మూత తీసేది వస్తుంది, అంతే, అయిపోతుంది. ఇప్పుడు బ్యాగులో వేయకుండా తాళాల గుత్తితో సహా ట్రేలో పెడుతున్నాను. అడిగేవాళ్లు సగానికి సగం తగ్గారు. మొన్న ఒక మేడమ్ కత్తెర తెరిచి తన యూనిఫాం చేతికి వేలాడుతున్న దారం ఒకటి తెంపుకుని, "ఎక్కడ దొరుకుతుందండీ ఇది?" అని అడిగి ఇచ్చేసింది. విమానంలో మాత్రం దీన్నీ చెక్-ఇన్‌లోనే వేస్తాను. అమెరికా నిబంధనల్లో చిన్న కత్తెరకు చేతి సంచిలో చోటుంది గానీ, ఇక్కడ కత్తెర కనిపిస్తే చర్చ మొదలవుతుంది.

పనితనంలో జెట్‌సెట్టర్ క్లాసిక్‌కు సాటి రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కవర్లు కత్తెర మొనతో తెరుస్తున్నాను, అంచు నున్నగా రాదు. అయినా మీ దారిలో రోజూ స్కానర్ ఉంటే ఇదే తీసుకోండి. క్లాసిక్ ఇప్పుడు మా ఆఫీసు సొరుగులో స్టాంపుల డబ్బా పక్కన ఉంటుంది. తపాలా మొత్తం దానితోనే తెరుస్తాం. సొంత బండి మీద తిరిగేవాళ్లకు, షాపు నడిపేవాళ్లకు, ఇంట్లో పార్సిళ్లు విప్పేవాళ్లకు క్లాసికే మేలు.

కొత్తది కొనేవాళ్లు ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపిస్తే ఆగండి, నకళ్లు తిరుగుతున్నాయి. క్లాసిక్ అయితే బ్లేడు మొదట్లో, పిడికి దగ్గర, కంపెనీ పేరు, స్విస్ మేడ్ అన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. జెట్‌సెట్టర్‌కు బ్లేడు లేదు కాబట్టి కత్తెర పట్టి చూడండి. నొక్కి వదిలితే దానంతటదే చటుక్కున తెరుచుకోవాలి. బద్ధకంగా లేస్తే వెనక్కి పంపేయండి.