కెనడాలో జీవిత భాగస్వామి స్పాన్సర్‌షిప్: ఇన్‌ల్యాండ్, అవుట్‌ల్యాండ్ దరఖాస్తుల పోలిక

కెనడా పౌరులు గానీ శాశ్వత నివాసులు గానీ భార్యను లేదా భర్తను స్పాన్సర్ చేయడానికి, అంటే వారి పోషణకు హామీ ఇచ్చి శాశ్వత నివాసం ఇప్పించడానికి, రెండు మార్గాలున్నాయి. ఇద్దరూ కెనడాలోనే కలిసి నివసిస్తూ వేసేది ఇన్‌ల్యాండ్ దరఖాస్తు. ఫ్యామిలీ క్లాస్ (కుటుంబ సభ్యుల వలస వర్గం) కింద వేసేది అవుట్‌ల్యాండ్ దరఖాస్తు. భాగస్వామి కెనడాలో ఉన్నా ఈ రెండో దరఖాస్తు వేయవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. క్యూబెక్ బయట, ఏ మార్గంలోనైనా స్పాన్సర్ 3 ఏళ్ల పోషణ బాధ్యతకు కట్టుబడాలి.

అసలైన తేడా తిరస్కరణ ఎదురైనప్పుడు బయటపడుతుంది. అవుట్‌ల్యాండ్‌లో స్పాన్సర్ ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌ను (వలస నిర్ణయాలపై అప్పీళ్లు వినే ట్రిబ్యునల్) ఆశ్రయించి, కొత్త సాక్ష్యాలు కూడా చూపవచ్చు; ఇన్‌ల్యాండ్‌కు ఆ అప్పీలు లేదు, ఫెడరల్ కోర్టు అనుమతిస్తే న్యాయ సమీక్ష (అధికారి నిర్ణయం చట్టప్రకారం సమంజసంగా ఉందా అని కోర్టు పరిశీలించడం) మాత్రమే మిగులుతుంది. పెద్దలు కుదిర్చిన పెళ్లి జరిగి, కలిసి ఉన్న కాలం తక్కువైన మన దంపతుల విషయంలో వివాహం నిజమైనదేనా అన్న సందేహం అధికారికి కలిగే అవకాశం ఉంది కాబట్టి, ఈ అప్పీలు హక్కును తేలిగ్గా వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ప్రయాణాల విషయంలోనూ అవుట్‌ల్యాండే మేలు. ఇన్‌ల్యాండ్ దరఖాస్తుదారు ఇండియాకు వచ్చి, తిరిగి కెనడాలోకి ప్రవేశం దొరకకపోతే దరఖాస్తే దెబ్బతింటుంది.

ఒకప్పుడు ఓపెన్ వర్క్ పర్మిట్ (దాదాపు ఏ యజమాని దగ్గరైనా పని చేసుకునే అనుమతి) ఇన్‌ల్యాండ్‌కున్న ప్రధాన ఆకర్షణ. 2023 నుంచి కెనడాలో స్పాన్సర్‌తో కలిసి ఉంటున్న అవుట్‌ల్యాండ్ దరఖాస్తుదారులకూ అది అందుబాటులోకి వచ్చింది. అయితే వీసా గడువు దాటిపోయి కెనడాలోనే ఉండిపోయిన భాగస్వామికి మాత్రం, ఆ లోపాన్ని మన్నించే ప్రత్యేక విధానం ఉన్నందున, ఇన్‌ల్యాండే సరైన మార్గం.