పాత ట్రక్కులో పెట్రోల్ వాసనకు చార్‌కోల్ క్యానిస్టర్: చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

డాలస్ దగ్గర నేను నడుపుతున్నది 1984 ఫోర్డ్ ఎఫ్-150. 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, ఒకే బ్యారెల్ ఉన్న కార్టర్ కార్బ్యురేటర్. గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంటుంది, గ్యాస్ వాటర్ హీటర్ కూడా అందులోనే. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేలమీదే పరుచుకుంటుంది. అందుకే బండి ఆపాక వచ్చే ఆ వాసన నాకు పెద్ద టెన్షన్.

ఈ ఇంజన్‌కు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఒకే పక్కన ఉంటాయి. నడుస్తున్నంతసేపు ట్యాంకు నుంచి కొత్త పెట్రోల్ వస్తూ ఉంటుంది కాబట్టి ఫ్లోట్ బౌల్, అంటే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె, మరీ వేడెక్కదు. ఆపగానే కింది నుంచి సెగ తగిలి బౌల్‌లోని పెట్రోల్ మరగడం మొదలవుతుంది. పది శాతం ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోల్‌తో ఇది ఇంకా ఎక్కువ. ఆ ఆవిరి వెంట్ గొట్టం గుండా క్యానిస్టర్‌లోని బొగ్గుకు పట్టాలి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు వాక్యూమ్ దాన్ని ఇంజన్‌లోకి లాగేయాలి.

నాకు ముందున్న ఓనర్ ఆ గొట్టంలో బోల్టు దూర్చి మూసేశాడు. అలా మూస్తే బౌల్‌లో ఒత్తిడి పెరిగి పెట్రోల్ ఇన్‌టేక్‌లోకి తన్నుకొస్తుంది, వేడి మీద బండి ఓ పట్టాన స్టార్ట్ కాదు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

కొత్త క్యానిస్టర్ పెట్టాక వాసన దాదాపు పోయింది, ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. ఇబ్బంది పెట్టింది గొట్టమే. క్యానిస్టర్‌తోపాటు వచ్చిన మామూలు వాక్యూమ్ గొట్టం కొన్నాళ్లకే నానిన శనగలా ఉబ్బి, బిగింపు దగ్గర వేలితో తిప్పితే తిరిగేంత వదులైంది. పెట్రోల్ ఆవిరిని తట్టుకునే గొట్టమే కొనాలి. ఇంకోటి, ఫెండర్ పక్కన ఆ గొట్టం కాస్త కిందికి వేలాడేది. విప్పి వంచితే చెంచాడు పెట్రోల్ కారింది. ఆవిరి చల్లబడి ఆ వంపులో నిలిచి దారి మూసేస్తోందన్నమాట. ఎక్కడా వేలాడకుండా ఒకే వాలులో బిగించాక ఆ బాధ తీరింది.

కార్బ్యురేటర్ కింద వేసే, వేడిని ఆపే దళసరి పలక (ఫినాలిక్ స్పేసర్) కూడా వాడుతున్నాను. సెగ తగ్గింది. కాకపోతే ఎయిర్ క్లీనర్ పైకి లేస్తుంది, బోనెట్‌కు తగలకుండా చూసుకోవాలి.

వెంట్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వు (వెంట్ సోలినాయిడ్) ఇగ్నిషన్ తాళం తిప్పినప్పుడు టిక్కుమనాలి. ఇంజన్ వేడెక్కాక కాస్త రేజ్ చేసి క్యానిస్టర్‌లోని ఆవిరిని ఇంజన్ లాగే పర్జ్ గొట్టం చివర వేలు పెడితే లాగుతున్నట్టు తెలియాలి. లాగకపోతే బొగ్గు నిండిపోతుంది, ఎంత మంచి క్యానిస్టర్ కొన్నా వాసన తిరిగొస్తుంది.

కొనేముందు ఫ్లోట్ లెవెల్, అంటే బౌల్‌లో పెట్రోల్ మట్టం, సరిచూసుకోండి. అది ఎక్కువుంటే పెట్రోలే నేరుగా క్యానిస్టర్‌లోకి వెళ్తుంది. అలా తడిసిన బొగ్గు ఇక పనికిరాదు, పెట్టిన డబ్బు దండగే.