గది అద్దె పరిమితి ఉన్న ఫ్లోటర్ పాలసీ: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

ఐదు లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా మొత్తం. కోపే (ప్రతి బిల్లులో మనం కట్టాల్సిన వాటా) లేదు. గది అద్దె మాత్రం రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం వరకే. ప్రీమియం తక్కువగా ఉండేది ఈ ఒక్క షరతు వల్లే, క్లెయిమ్ రోజున జేబుకు చిల్లు పడేదీ దీనివల్లే.

ఒక శాతమంటే 5,000. సింగిల్ రూమ్ 8,000. నాలుగు రోజులకు 12,000 మనం పెట్టుకుంటే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ రేట్లు గదిని బట్టి మారే ఆసుపత్రిలో వాటిలోనూ అదే నిష్పత్తిలో, ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. అవన్నీ కలిపి 1,20,000 అయితే వచ్చేది 75,000. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు, ఐసీయూకి ఈ కోత వర్తించదు. పాలసీ ఇవ్వని గ్లౌజుల్లాంటి వాటికి ఓ 8,000 వేసుకుంటే, 12,000 అనుకున్నది 65,000 దగ్గర తేలుతుంది.

అందుకే అడ్మిషన్‌కు ముందే ఇన్సూరెన్స్ డెస్క్‌లో రెండు అడగాలి: ట్విన్ షేరింగ్ (ఇద్దరు రోగులుండే గది) రోజుకు ఎంత, నర్సింగ్ అందులో కలిసిందా, విడిగా వేస్తారా? కొన్ని పాలసీలు నర్సింగ్‌ను కూడా ఆ 5,000లోనే లెక్కేస్తాయి.

2024 నుంచి నిబంధనలు మెరుగయ్యాయి. క్యాష్‌లెస్‌కు (బిల్లు కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టే పద్ధతి) కంపెనీ గంటలో జవాబివ్వాలి, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో రావాలి. అయితే ఆ గడియారం తిరగడం మొదలయ్యేది ఆసుపత్రి ఫైనల్ బిల్లు పంపాకే. ఉదయం పది గంటలకు డాక్టరు ఇంటికెళ్లొచ్చన్నా, బిల్లు మధ్యాహ్నం దాకా బిల్లింగ్‌లోనే కూర్చుంటుంది. వెంటపడాల్సింది అక్కడ.

బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు వెయిటింగ్ (వాటికి క్లెయిమ్ ఇవ్వని మొదటి కాలం) ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు. ఉన్నవి దరఖాస్తులో రాసేయడమే మేలు. ఐదేళ్లు విరామం లేకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు.

ఫ్లోటర్ ప్రీమియం సాధారణంగా అందరిలోకీ పెద్దవాళ్ల వయసును బట్టే పడుతుంది. అమ్మానాన్నల్ని ఇదే పాలసీలో కలిపితే పిల్లల భాగమూ ఖరీదెక్కుతుంది. వాళ్లకు విడిగా తీసుకోవడమే నయం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ పోయింది, అదొక ఊరట.

కొత్తగా కొనేవాళ్లకు ఈ పాలసీ వద్దంటాను. ఉన్నవాళ్లు రద్దు చేసుకోకుండా, రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు గది పరిమితి లేని పాలసీకి పోర్ట్ (గడిచిన వెయిటింగ్ పోకుండా వేరే కంపెనీకి మారడం) పెట్టండి. గడిచిన వెయిటింగ్ పాత ఐదు లక్షల వరకే లెక్కలోకొస్తుంది. పది లక్షలకు పెంచితే పెరిగిన ఐదుకూ వెయిటింగ్ మళ్లీ మొదటినుంచే.